రెండు గదుల ఇల్లు, పన్నెండడుగుల బొంగు

ప్రశ్న: మాది మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాట్. ఇద్దరు చిన్నపిల్లలు. కొన్నేళ్లుగా ఫ్లై ఫిషింగ్ (ఈగలాంటి ఎర విసిరి చేపలు పట్టడం) చేస్తున్నాను, గ్రాఫైట్ రాడ్‌తో. ఈమధ్య ఒక స్నేహితుడి వెదురు రాడ్‌తో నాలుగుసార్లు లైను విసిరి చూశాను. అప్పటినుంచీ అలాంటిది ఒకటి నా చేత్తో చేసుకోవాలన్న పిచ్చి పట్టుకుంది. వీడియోలు చూస్తే ఒక్కొక్కరికీ గ్యారేజీ నిండా మెషీన్లు, ఆరడుగుల ఇనుప ఫారమ్‌లు (బద్దను పెట్టి చిత్రిక పట్టే అచ్చులు), లేత్, గోడంత ఓవెన్. చూసిన కొద్దీ టెన్షన్. నాకున్నదల్లా ఒక బాల్కనీ, పడకగదిలో ఖాళీగా ఉన్న ఒక గోడ. వడ్రంగం పెద్దగా రాదు. మొదలుపెట్టొచ్చా, పెద్ద ఇంటికి మారేదాకా ఆగాలా? చేతిపనికి బదులు మెషీన్ కొంటే చోటు కలిసొస్తుందా? (పేరు రాయవద్దన్న పాఠకుడు)

సమాధానం: ఆగక్కర్లేదు. నా మొదటి రెండు రాడ్లూ పడకగది గోడకు బిగించిన పలక మీదే అయ్యాయి. 4 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు పలక. పని లేనప్పుడు మడిచేస్తే గోడకు అతుక్కుపోయేది. ఇప్పుడు నాకు కాస్త పెద్ద చోటే ఉంది కానీ, చిత్రిక పట్టేటప్పుడు వాడుకునేది ఇప్పటికీ అంత జాగానే.

మీరు వీడియోల్లో చూసినవి అన్ని పనుల సామానూ ఒకేసారి పరిచిపెట్టుకున్న గదులు. పని మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగానే జరుగుతుంది. బొంగు చీల్చే రోజు చిత్రిక పెట్టెలోనే ఉంటుంది. జిగురు పూసే రోజు హీట్ గన్‌తో పని లేదు. వార్నిష్ వేసే వారం గదిలో చెక్కపొట్టు రేణువు కూడా ఉండకూడదు. పైగా చేసేదంతా వేలంత వెడల్పు లేని బద్దల మీద. అంటే మీకు కావలసింది వెడల్పు కాదు, పొడవు. ఆ పొడవును కూడా తగ్గించుకునే మార్గముంది. ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు మిగతా పాఠకుల కోసం రెండు ముక్కలు. ఫ్లై అంటే ఈకలూ దారంతో ఈగలా కట్టిన ఎర. దానికి బరువుండదు, బరువంతా లైనుదే. ఆ లైనును ముందుకూ వెనక్కూ ఊపి విసిరేది రాడ్. వెదురు రాడ్ అంటే గుండ్రటి కర్ర కాదు. బొంగును బద్దలుగా చీల్చి, ఒక్కో బద్దను మూడు మూలలూ 60 డిగ్రీలుండే త్రికోణంగా చిత్రిక పట్టి, అలాంటివి ఆరు కలిపి అతికిస్తే ఆరు పలకల కర్ర వస్తుంది. పిడి దగ్గర లావుగా ఉండి కొసకు సన్నబడుతుంది. ఆ సన్నబడే తీరును టేపర్ అంటారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం ఈస్టన్‌లో తుపాకులు చేసే శామ్యూల్ ఫిలిప్ 1840ల్లో చీల్చిన వెదురుతో రాడ్లు చేశాడు. ఆ తర్వాత హైరమ్ లెనార్డ్ బద్దలు కోసే యంత్రం పెట్టి ఆరు బద్దల రాడ్లతో పెద్ద వ్యాపారమే నడిపాడు. యంత్రం వచ్చినా చేత్తో చిత్రిక పట్టేవాళ్లు పోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో అందరూ పేరు చెప్పుకునే ఎవరెట్ గారిసన్ వృత్తిరీత్యా ఇంజనీరు, బద్దలు చిత్రిక పట్టింది మాత్రం చేత్తోనే.

మెషీన్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. వద్దు. చోటు కలిసిరాదు సరికదా, ఉన్న చోటూ పోతుంది. మూడో అంతస్తులో రాత్రి తొమ్మిదింటికి బెవెలర్, అంటే బద్దలు కోసే మెషీన్, ఆన్ చేస్తే కింది ఫ్లాట్ వాళ్లు మీ తలుపు కొడతారు. చేతి చిత్రిక చప్పుడుకైతే పక్క గదిలో పిల్లలు కూడా లేవరు. నేను చాలావరకు పని చేసేది వాళ్లు పడుకున్నాకే.

ఇక పొడవు. 7 అడుగుల రాడ్ అంటే 84 అంగుళాలు. అందరూ చేసే రెండు ముక్కల రాడ్‌లో ఒక్కో ముక్క 42 అంగుళాలు. అదే రాడ్‌ను మూడు ముక్కలుగా చేస్తే ఒక్కోటీ 28 అంగుళాలే. ఈ ఒక్క మార్పుతో మీ ఇల్లు సరిపోతుంది. పలక 4 అడుగులు చాలు, వేడిచేసే గొట్టం 3 అడుగులు చాలు, అతికించిన ముక్కను తలుపు చట్రానికి వేలాడదీసినా కింద బోలెడు ఖాళీ. 12 అడుగుల బొంగును నాలుగు సమాన ముక్కలు చేస్తే 3 అడుగుల చొప్పున వస్తాయి. మూడు రాడ్‌కు, నాలుగోది చెయ్యి తిరగడానికి. కాబట్టి అమ్మేవాళ్లతో ముందే అలా కోయించి పంపమనండి. 12 అడుగుల బొంగు లిఫ్ట్‌లో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు.

దీనికి కట్టాల్సిన మూల్యం ఉంది. మూడు ముక్కలంటే రెండు చోట్ల ఫెర్రూల్స్, అంటే ముక్కలను కలిపే లోహపు గొట్టాలు. వాటికి బరువుంటుంది, అవి ఉన్నచోట కర్ర వంగదు. రెండు ముక్కల రాడ్ కోసం లెక్కకట్టిన టేపర్‌ను తెచ్చి మూడుగా నరికితే విసరడంలో ఆ తేడా తెలుస్తుంది. మొదటినుంచీ మూడు ముక్కలకే వేసిన టేపర్ వెతుక్కోండి. లైను 4 లేదా 5 నంబరుది తీసుకోండి (నంబరు తగ్గేకొద్దీ లైను తేలిక). అంతకంటే తేలికదైతే కొస మరీ సన్నమై మొదటిసారికే చుక్కలు చూపిస్తుంది.

వెదురు ఏదైనా పరవాలేదా అని చాలామంది అడుగుతారు. పరవాలేకేం, కానీ రాడ్లు చేసేవాళ్లందరూ వెళ్లి ఆగేది టోంకిన్ వెదురు దగ్గరే. టోంకిన్ అంటే ఉత్తర వియత్నాం ప్రాంతం పేరు. ఈ వెదురు మాత్రం పెరిగేది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వైపు. పేరు ఎలాగో అలా స్థిరపడిపోయింది. బొంగు నిటారుగా ఉంటుంది, కణుపులు చిన్నవి, వాటి మధ్య దూరం ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యం, పై తోలు కిందే గట్టి నార దట్టంగా ఉంటుంది. రాడ్‌కు బలమిచ్చేది ఆ నారే. లోపలి గుజ్జు భాగం బరువు తప్ప ఇంకేమీ ఇవ్వదు. అందుకే ఈ పనిలో మొదటి నియమం: చిత్రిక పట్టేది లోపలి రెండు ముఖాలనే, తోలు వైపు చిత్రిక తగలనివ్వకూడదు. ఆ పైన ఉండే మైనంలాంటి పొరను చివర్లో గీకి తీసేస్తాం, అంతే.

చీల్చడం బాల్కనీలో ఒక పూట పని. బొంగును సగం, ఆ సగాన్ని సగం, అలా చీల్చుకుంటూ పోవాలి. బలమైన కత్తి, చెక్క సుత్తి చాలు. చీలిక మధ్యలో ఒక పక్కకు పోతుంటే కంగారు పడొద్దు. ఏ సగాన్ని ఎక్కువ వంచితే చీలిక ఆ వైపుకు జరుగుతుంది. కాబట్టి లావుగా మిగులుతున్న సగాన్ని పట్టుకుని వంచండి, చీలిక మళ్లీ దారిలోకొస్తుంది. ఇది నాకెవరూ చెప్పక నా మొదటి బొంగులో సగం పొయ్యికి పుల్లలైంది. తాజాగా చీల్చిన బద్ద అంచు బ్లేడులాంటిది. చేతికి తోలు గ్లవ్ లేకుండా నిలువునా జరపొద్దు. కింద పాత దుప్పటి పరిచి, పనయ్యాక నాలుగు చెంగులూ పట్టుకుని ఎత్తేయండి. ఇంట్లో పిల్లలు ఒట్టి కాళ్లతో తిరుగుతారు కాబట్టి ఈ దుప్పటిని ఐచ్ఛికం అనుకోకండి.

తర్వాత కణుపులు. కణుపు దగ్గర బయటికి గుబ్బలా ఉంటుంది, లోపల అడ్డుగోడ ఉంటుంది. లోపలిది ఉలితో తీసేసి, బయటిది ఆకురాయితో సమం చేసి, ఆ చోటును హీట్ గన్‌తో వేడిచేసి వైస్‌లో నొక్కి చల్లారేదాకా వదిలేయాలి. వేడికి వెదురు మెత్తబడి చెప్పినట్టు వింటుంది, చల్లారాక అదే ఆకారంలో నిలుస్తుంది. మూడు ముక్కల రాడ్‌కు, కొస ముక్కలు రెండు చేసుకునేటట్టయితే, 24 బద్దలు కావాలి. ఒక్కోదానికి రెండేసి కణుపులనుకున్నా యాభై దాకా తేలతాయి. విసుగు పుట్టించే పనే, దాన్ని దాచను. రోజుకు పది చొప్పున చేసుకోండి. అతికించేటప్పుడు ఆరు బద్దల కణుపులూ ఒకే చోటికి వస్తే అక్కడ కర్ర బలహీనపడుతుంది. అందుకని బద్దలను ముందుకూ వెనక్కూ జరిపి కణుపులను చెదరగొట్టాలి. 28 అంగుళాల ముక్కకు 36 అంగుళాల బద్ద ఎందుకంటే ఇందుకే.

ఇక చిత్రిక. డబ్బూ శ్రద్ధా ఎక్కడైనా పెట్టాలనుకుంటే ఇక్కడ పెట్టండి. స్టాన్లీ 9½ రకం చిన్న చిత్రిక, ఒక జత సానరాళ్లు, మందాన్ని 0.001 అంగుళం దాకా చూపించే కాలిపర్, గాడి లోతు కొలిచే డయల్ గేజ్, ఫారమ్. ఫారమ్ అంటే పక్కపక్కన బిగించిన రెండు పొడవాటి కడ్డీలు. ఒక్కోదాని అంచు 30 డిగ్రీలు వాలుగా ఉంటుంది, రెండూ కలిస్తే 60 డిగ్రీల గాడి. ప్రతి 5 అంగుళాలకూ ఒక జత బోల్టులు, ఒకటి కడ్డీలను దగ్గరికి లాగడానికి, ఒకటి దూరం నెట్టడానికి. వాటితో గాడి ఒకచోట లోతుగా, ఒకచోట లోతు తక్కువగా పెట్టుకుంటాం. బద్దను గాడిలో పెట్టి ఫారమ్ పైభాగానికి సమమయ్యేదాకా చిత్రిక పడితే టేపర్ దానంతటదే వస్తుంది. వడ్రంగం రాదన్నారు కాబట్టి చివరి చిత్రికకు వాడే ఫారమ్‌ను సొంతంగా చేసే సాహసం వద్దు, ఇనుపది కొనుక్కోండి. అది 5, 6 అడుగులున్నా ఇబ్బంది లేదు. మీరు పని చేసే 30 అంగుళాలు పలక మీద గట్టిగా బిగిసి ఉంటే, మిగతాది పక్కకు పొడుచుకొచ్చినా పని ఆగదు. పనయ్యాక తలుపు వెనక నిలబెట్టండి, పిల్లల మీద పడకుండా తాడుతో కట్టి.

మొదటి మొరటు చిత్రికకు మాత్రం గట్టి చెక్కలో ఒకే 60 డిగ్రీల గాడి తీయించుకుంటే సరిపోతుంది. బద్ద తోలు వైపు గాడి గోడకు ఆనించి, పైకి కనిపించే ముఖాన్ని మూడు నాలుగు సార్లు చిత్రిక పట్టి, బద్దను తిప్పి రెండో ముఖాన్ని అన్నేసార్లు. ఇలా మార్చి మార్చి. మొదట్లో పొట్టు ముక్కలుముక్కలుగా రాలుతుంది. కోణం కుదిరే వేళకు చిత్రిక నోట్లోంచి పొడవాటి రిబ్బనులా చుట్టలు తిరుగుతూ వస్తుంది, చప్పుడు కూడా గరగర నుంచి సర్రుమనే చప్పుడుకు మారుతుంది. కణుపు దగ్గరికొచ్చేసరికి ఒక్కసారి టక్కుమంటే నార లేచిందన్నమాట. వెంటనే ఆపి బ్లేడు సాన పట్టండి. వెదురు బ్లేడును తొందరగా మొద్దుబారుస్తుంది. కలపకు పెట్టే అంచు దీనికి నిలవదు, 35 డిగ్రీల దగ్గర పదును పెట్టుకుంటే కణుపుల దగ్గర చీరడం తగ్గుతుంది. రాడ్ బాగా రానివాళ్లలో చాలామందికి అసలు రానిది సాన పట్టడమే. బొంగు ముట్టుకునే ముందే ఒక వారం రోజులు సానరాయి మీద కూర్చోండి.

నా మొదటి రాడ్ గురించి చెప్పాలి. ఆరు బద్దలనూ ఎత్తు కొలిచి, వెయ్యో వంతు తేడా లేకుండా తెచ్చానని మురిసిపోయాను. అతికించి దారం విప్పి చూస్తే ఒక పక్క పొడవునా నల్లటి గీత, గోరు దూరేంత సందు. సంగతేమిటంటే నా చెయ్యి కుడివైపుకు వాలేది. ఎత్తు సరిగ్గానే ఉంది, కోణం 60 కాకుండా ఒక మూల 62, ఒక మూల 58 అయిపోయింది. నేను కొలిచింది ఒక్క వైపు నుంచే. బద్దను మూడు వైపులా తిప్పి కొలవాలి, మూడు ఎత్తులూ ఒక్కటే రావాలి. రాకపోతే తర్వాతి నాలుగు చిత్రికలూ చేతిని రెండోవైపు వాల్చి సరిచేయాలి. ఆ రాడ్ ఇప్పటికీ ఉంది. చేపలు పడతాయి, ఎవరికీ చేతికివ్వను.

ఇంత పట్టింపు ఎందుకో లెక్క చూపిస్తాను. కొస దగ్గర రాడ్ మందం 0.070 అంగుళం ఉండాలనుకుందాం. అంటే ఒక్కో బద్ద ఎత్తు 0.035. ప్రతి బద్దా 0.002 లావుగా మిగిలితే కర్ర మందం 0.074 అవుతుంది. కర్ర బిగువు మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి ఆ చోట రాడ్ దాదాపు 25 శాతం బిర్రుగా తయారవుతుంది. అదే పొరపాటు 0.280 మందం ఉన్న పిడి వైపు జరిగితే తేడా 6 శాతం లోపే. అందుకని పిడి వైపు ముక్కతో మొదలుపెట్టండి, కొసను చెయ్యి కుదిరాక చేయండి. నాలుగో 3 అడుగుల ముక్క నుంచి తీసిన మొదటి పది బద్దలు ఎలాగూ చెత్తబుట్టకే, వాటిని లెక్కలో వేసుకోవద్దు.

మొరటు చిత్రికకూ చివరి చిత్రికకూ మధ్యలో వేడి చేయడం. బద్దలను ఆరు చొప్పున కట్టగా దారంతో బిగించి, సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది పదిహేను నిమిషాలు ఉంచడం చాలామంది వాడే లెక్క. తేమ పోతుంది, బద్ద గట్టిపడుతుంది. వంటింటి ఓవెన్‌లో 30 అంగుళాల కట్ట పట్టదు. ఒక లోహపు గొట్టంలో ఇంకో గొట్టం పెట్టి, హీట్ గన్ గాలి ఒకదాంట్లోంచి వెళ్లి రెండోదాంట్లోంచి తిరిగొచ్చేలా చేసుకుంటే అదే ఓవెన్. రెండు చివర్లా థర్మామీటర్ పెట్టి చూడండి, ఒక చివర ఎక్కువ వేడెక్కుతుంటే మధ్యలో కట్టను తిప్పండి. బాల్కనీలోనే చేయండి. పిల్లలను లోపల ఉంచండి. పక్కవాళ్లకు ముందే ఒక మాట చెప్పండి, ఎందుకంటే వాసన మాడినట్టు వస్తుంది. హీట్ గన్‌ను వదిలి ఫోన్ ఎత్తడానికి లోపలికి వెళ్లొద్దు. వేడి చేసిన బద్దలు గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటాయి. మూత ఉన్న గొట్టంలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

జిగురుకు ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు నేను చెప్పేది నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగుర్లు ఎంత మంచివైనా ఆ ఘాటు పడకగదిలో వద్దు. ఆరు బద్దలను తోలు కిందికి ఉండేలా టేపు మీద పక్కపక్కన పరిచి, జిగురు రాసి, చాపలా చుట్టేసి, నూలు దారంతో ముందు ఒక దిశలో, తర్వాత ఎదురు దిశలో బిగించి కట్టాలి. దీనికి బైండర్ అనే చిన్న పరికరం ఉంది, షెల్ఫ్‌లో పట్టేస్తుంది. లేకపోతే చేత్తోనైనా కట్టొచ్చు. కట్టాక ఒక కన్ను మూసి పొడవునా చూసి, వంకర ఉంటే జిగురు తడిగా ఉండగానే సరిచేసి, కింద చిన్న బరువు కట్టి వేలాడదీయండి. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి.

దారాలు కట్టడం, గైడ్లు (లైను దూరి వెళ్లే రింగులు) పెట్టడం, కార్క్ పిడి, వీటి గురించి ఇక్కడ పేజీలు నింపను. గ్రాఫైట్ రాడ్ కట్టేవాళ్లకూ ఇవే పనులు కాబట్టి నేర్చుకోవడానికి దారులు చాలానే ఉన్నాయి. వార్నిష్ ఒక్కటే చెబుతాను. ఇంట్లో దుమ్ము తక్కువ ఉండే గది బాత్‌రూమ్. నేల, గోడలు తడిపి, ఒక గంట తలుపు మూసి ఉంచి, తేమ కాస్త తగ్గాక పలుచగా ఒక పూత వేయండి. ఫ్యాన్ వేయొద్దు, మంట దగ్గరగా ఉండకూడదు. నూనె ఉన్న వార్నిష్ తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో ముంచేయండి, లేదా బయట విప్పి ఆరేయండి.

మొత్తం ఎన్ని రోజులని మీరు అడగలేదు కానీ అడుగుతారు. అనుభవం ఉన్నవాళ్లకే ఒక రాడ్‌కు 40, 50 గంటలు పడుతుంది. మీకు దానికి రెట్టింపు వేసుకోండి. రాత్రి పూట గంట చొప్పున చేస్తే మూడు, నాలుగు నెలలు. మీకు దగ్గర్లో రాడ్లు చేసేవాళ్లు ఎవరైనా ఉండి, ఒక్క పూట పక్కన కూర్చోనిస్తే వెళ్లండి. బ్లేడు ఎంత పదునుండాలో కళ్లతో చూసి, వేలితో తాకితేనే అర్థమవుతుంది.

ఫెర్రూల్స్ మాత్రం ఇప్పుడే కొనకండి. అవి అంగుళంలో 64వ వంతుల లెక్కన వస్తాయి. 12 నంబరంటే 12/64 అంగుళం. టేపర్ కాగితంలో ఉన్న మందానికీ మీ చేతిలోంచి వచ్చిన మందానికీ మొదటి రాడ్‌లో తేడా ఉండి తీరుతుంది. అతికించి గీకిన తర్వాత ఆ చోట కాలిపర్‌తో కొలిచి, అప్పుడు ఆర్డర్ పెట్టండి. లేత్ లేదు కాబట్టి డ్రిల్‌ను వైస్‌లో అడ్డంగా బిగించి, కర్ర చివర్ను అందులో మెల్లగా తిప్పుతూ, సన్నటి ఆకురాయితో ఆరు మూలలనూ కొద్దికొద్దిగా తీసి గుండ్రం చేయండి. రెండు చుట్లకొకసారి ఆపి ఫెర్రూల్ తొడిగి చూడండి. లేత్ లేని రోజుల్లో నా మొదటి రాడ్‌కు నేను చేసిందీ ఇదే. ఒక ఫెర్రూల్ వదులైంది. దాని కింద పట్టుదారం ఒక చుట్టు చుట్టి ఎపాక్సీతో కూర్చోబెట్టాను, ఇంకా కదల్లేదు.